వస్త్రవిశేషము

ప్రాచీన కావ్యాలు చదివేవారికి తరచుగా ఎదురయ్యే అనుభవం ఒకటి ఉంది. వర్ణనలో ఒక చీర పేరు కనిపిస్తుంది. అర్థం కోసం నిఘంటువు తెరుస్తాం. అక్కడ ‘వస్త్రవిశేషము’ అని ఒకే ఒక్క మాట ఉంటుంది. అదొక రకం బట్ట అని మాత్రమే దాని భావం. అది నూలుదా, పట్టుదా? దాని రంగేమిటి? అంచు ఎలా ఉండేది? నేసినదా, అద్దినదా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకదు. ఇందుకు నిఘంటుకర్తను తప్పుపట్టలేం. ఆయన చేతికి మాట అందింది కాని బట్ట అందలేదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో పదుల కొద్దీ వస్త్రాల పేర్లను వరుసగా పేర్కొన్నాడు. ఆ పట్టికను తరగతిలో చదివిన ప్రతిసారీ విద్యార్థులు ఆశ్చర్యపడతారు. ‘ఇన్ని రకాల బట్టలు మనవాళ్లకు ఉండేవా?’ అని అడుగుతారు. ఉండేవి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, సముద్రంమీద వచ్చిపోయే వర్తకులకు అభయమిచ్చాడు. ఆ శతాబ్దపు చివరి భాగంలో ఈ సీమను గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఇక్కడి సన్నని బట్టలను సాలెగూటితో పోల్చి మెచ్చుకున్నాడు. గణపతిదేవుని శాసనశిల మోటుపల్లిలో నిలిచింది. మార్కోపోలో మెచ్చిన బట్ట మాత్రం జానెడు ముక్క కూడా మనకు మిగలలేదు.

రాజులు తమ చరిత్రను రాతిమీద రాయించారు. కవులు తాటాకుమీద రాశారు. నేతగాడు, అద్దకపువాడు, రంగులు కాచినవాడు తమ చరిత్రను బట్టమీదే రాసుకున్నారు. వారికి మరో శాసనం లేదు. కనుక ఒక పాతబట్ట నశించడమంటే పేరు తెలియని ఒక మనిషి వదిలివెళ్లిన ఏకైక సాక్ష్యం నశించడమే. చారిత్రక వస్త్రాల పరిరక్షణ కేవలం ప్రదర్శనశాల సిబ్బంది వృత్తికి సంబంధించిన చిన్న విషయమని భావించడం ఈ కారణం చేతనే పొరపాటు అని నా అభిప్రాయం.

వస్త్రం ఇతర పురావస్తువుల వంటిది కాదు. నూలు చెట్టునుంచి, పట్టు పురుగునుంచి, ఉన్ని గొర్రెనుంచి లభిస్తాయి. ప్రాణమున్నవాటినుంచి పుట్టినవన్నీ తిరిగి మట్టిలో కలవడానికే తొందరపడతాయి. వేడి, తేమ కలిసిన మన వాతావరణం ఆ తొందరను మరింత పెంచుతుంది. మొహెంజొదారోలో నాలుగువేల ఏళ్లకు పైబడిన నూలుబట్ట పీలికలు దొరికాయంటే, అందుకు కారణం ఒక వెండిపాత్ర. ఆ పాత్రను అంటిపెట్టుకొని ఉండటంవల్ల లోహలవణాలు దారాల్లోకి ఇంకి, వాటిని సూక్ష్మజీవుల బారినుంచి కాపాడాయి. మధ్యయుగాల్లో గుజరాతు తీరంనుంచి ఎగుమతి అయిన అద్దకపు బట్టల ముక్కలు మన దేశంలో దొరకలేదు. ఈజిప్టులో, పాత కైరో ప్రాంతమైన ఫుస్తాత్‌లో దొరికాయి. అక్కడి పొడినేల వాటిని దాచిపెట్టింది. ఆ ముక్కల్లో చాలా నేడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి.

మన కలంకారీ చరిత్ర కూడా ఇంచుమించు ఇటువంటిదే. కోరమాండల్ తీరంలో తయారైన చిత్రిత వస్త్రాలతోపాటు మన నూలుబట్టలకు ఐరోపాలో ఎంతటి గిరాకీ ఏర్పడిందంటే, తమ నేతపనివారిని కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, తిరిగి 1721లోను వాటిని నిషేధిస్తూ చట్టాలు చేయవలసివచ్చింది. ఆనాటి మేలైన నమూనాలు చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికో, 1949లో అహమ్మదాబాదులో నెలకొల్పిన కాలికో మ్యూజియానికో వెళ్లాలి. మనకు మిగిలినవాటిలో కొన్ని హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి పెద్ద సంస్థల్లో ఉన్నాయి. మరికొన్ని ఆలయాల పెట్టెల్లో, పాత గ్రంథాలయాల మేడగదుల్లో, కళాశాలల్లో, చిన్న పట్టణాల ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. పెద్ద మ్యూజియాలకు ప్రయోగశాలలు ఉంటాయి. శిక్షణ పొందిన నిపుణులు ఉంటారు. చిన్న ప్రదర్శనశాలలో ఒక గది, రెండు గాజుబీరువాలు, ఒక సహాయకుడు ఉంటే అదే గొప్ప. ప్రమాదమంతా అక్కడే ఉంది.

నా అనుభవంలోని ఒక సంఘటన చెబుతాను. సుమారు పదిహేనేళ్ల క్రితం కోస్తా ప్రాంతంలోని ఒక పట్టణానికి సాహిత్యసభకు వెళ్లాను. అక్కడి చిన్న ప్రదర్శనశాలలో తాళపత్రాలు ఉన్నాయని విని చూడబోయాను. తాళపత్రాలకంటె గోడకు వేలాడుతున్న ఒక కలంకారీ తెర నన్ను ఎక్కువగా ఆకర్షించింది. రామాయణగాథను గడులుగా విభజించి చిత్రించారు. ప్రతి గడి కిందా సన్నివేశాన్ని తెలిపే తెలుగు వాక్యం నల్లని రంగుతో రాసి ఉంది. ఆ రాతలో అరసున్నలు లేవు. కొన్ని మాటలు ఆ చిత్రకారుడు పలికినట్టే రాసుకున్నాడు. పండితుల ప్రతుల్లో కనిపించని వాడుకభాష ఆ గడుల కింద సజీవంగా ఉంది. సభకు వేళ అవుతుండటంతో మూడు గడుల కింది వాక్యాలను మాత్రమే నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. మరోసారి తీరికగా వచ్చి మిగిలినవన్నీ రాసుకుందామనుకున్నాను.

ఆ మరోసారి రావడానికి నాలుగేళ్లు పట్టింది. తెర అదే గోడకు ఉంది. దూరంనుంచి చూస్తే మునుపటికంటె తెల్లగా, కాంతిగా కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే వాక్యాలు ఉండవలసిన చోట సన్నని చిల్లులు ఉన్నాయి. బొమ్మల రేఖలు తెగిపోయి ఉన్నాయి. ప్రదర్శనశాల సహాయకుడు వయసు మళ్లినవాడు. ఎంతో ఆప్యాయంగా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“వార్షికోత్సవానికి పెద్దలు వస్తున్నారని సబ్బుపొడి వేసి ఉతికించాం మాస్టారూ! నాలుగు బకెట్ల నీళ్లు నల్లబడ్డాయి. ఎంత మురికి పోయిందో! డాబామీద మంచి ఎండలో ఆరేశాం” అన్నాడు.

ఆ నలుపంతా మురికి కాదు. అందులో అక్షరాలు ఉన్నాయి. ఈ మాట ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన ఆ తెరను ప్రేమించాడు కాబట్టే ఉతికించాడు. అలా చేయకూడదని ఆయనకు చెప్పినవారెవరూ లేరు. చెప్పగలిగిన చదువున్న నేను నాలుగేళ్లు ఆలస్యం చేశాను. ఆ తెరమీది వాక్యాల్లో నా నోటుపుస్తకానికి ఎక్కిన మూడు తప్ప మిగిలినవి నాకు తెలిసినంతలో మరెక్కడా లేవు.

అసలు అక్కడ జరిగిందేమిటో తెలుసుకోవాలి. కలంకారీలో నలుపు తయారుచేయడానికి తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లంనీటిలో వేసి పులియబెడతారు. బట్టను ముందుగానే కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలోని వగరుకు కారణమైన టానిన్, ఇనుపద్రవంతో కలిసి నల్లని రేఖగా మారుతుంది. అది చూడటానికి శాశ్వతమైన రంగులాగా ఉంటుంది. కాని అందులోని ఇనుము గాలి, తేమల సహాయంతో ఏళ్ల తరబడి నూలుపోగును లోపలినుంచి కొరుకుతూనే ఉంటుంది. అందుచేత పాత కలంకారీల్లో ముందుగా శిథిలమయ్యేవి నల్లని రేఖలే. పైకి నిలిచి ఉన్నట్టు కనిపించినా అవి బూడిదవలె పెళుసుబారి ఉంటాయి. నీళ్లలో నానబెట్టి చేత్తో రుద్దగానే దారాలతో సహా రాలిపోతాయి.

సబ్బుపొడిలోని క్షారం పట్టు, ఉన్నివంటి మాంసకృత్తుల దారాలను బలహీనపరుస్తుంది. అందులో తెల్లదనం కోసం కలిపే పదార్థాలు పాతబట్ట సహజవర్ణాన్ని మార్చివేస్తాయి. బోరునీటిలోని లవణాలు దారాల మధ్య పేరుకుంటాయి. నీరు తాగిన బట్ట తన బరువును తానే మోయలేదు. తీగమీద ఆరవేస్తే చిరుగుతుంది. జరీపట్టు విషయం మరీ సున్నితమైనది. పాత జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన సన్నని వెండితీగ. దానిపైన పలుచని బంగారుపూత. ఇత్తడిపాత్రను తోమినట్టు దానికి చింతపండు పట్టిస్తే నలుపుతోపాటు బంగారుపూత కూడా పోతుంది.

ఇక ఎండ మాట. వస్త్రాలను ప్రదర్శించేచోట వెలుతురు 50 లక్స్‌కు మించరాదని నిపుణులు చెబుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండ తీవ్రత సుమారు లక్ష లక్స్ ఉంటుంది. కాంతివల్ల కలిగే హాని ఎప్పటికప్పుడు కూడుతూ పోయేదే కాని తరిగేది కాదు. ఈ లెక్కన ఒక్క గంట ఎండలో ఆరవేసిన బట్టకు 50 లక్స్ వెలుతురులో 2,000 గంటలు ఉంచినంత కాంతి తగులుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే అది 250 రోజుల ప్రదర్శనతో సమానం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేసే హాని దీనికి అదనం. పాత చిత్రితవస్త్రాల్లో ఆకులు నీలంగా కనిపించడం మీలో కొందరు గమనించి ఉండవచ్చు. చిత్రకారుడు వాటిని నీలంగా వేయలేదు. నీలిమీద పసుపురంగు పూసి ఆకుపచ్చను సాధించాడు. కాలక్రమంలో వెలుతురుకు పసుపు వెలిసిపోయింది, నీలి మిగిలింది.

ఇంతకూ మనం పాతబట్టను చూడగానే ఉతకాలని ఎందుకు అనుకుంటాం? మన సంస్కృతిలో శుభ్రతకు, ఉతకడానికి అవినాభావ సంబంధం ఉంది. తడిపి ఆరవేసిన బట్టే మడిబట్ట. పండుగ వస్తే ఇంట్లో దుప్పట్లతో సహా అన్నీ చాకిరేవుకు వెళ్లవలసిందే. కట్టుకునే బట్టకు ఇది మంచి నియమం. ప్రదర్శనశాలలోని వస్త్రం కట్టుకునే బట్ట కాదు, అదొక పత్రం. రాతప్రతి మాసిందని దాన్ని ఎవరైనా నీళ్లలో ముంచుతారా? వస్త్రాన్ని కూడా అదే దృష్టితో చూడాలి.

ఇక్కడ ధూళికి, మరకకు గల భేదాన్ని గుర్తించడం అవసరం. ధూళి బయటినుంచి వచ్చి చేరినది. దాని కణాలు సన్నని రంపంలాగా దారాలను కోస్తాయి, తేమను పీల్చి పట్టి ఉంచుతాయి, పురుగులకు ఆశ్రయమిస్తాయి. కనుక దాన్ని తొలగించవలసిందే. మరక అటువంటిది కాదు. ఆలయపు తెరమీది నూనెమసి ఆ తెర ఎన్ని దీపాల ముందు వేలాడిందో చెబుతుంది. పెళ్లిచీర అంచున ఉన్న పసుపు ఆ చీర ఏ శుభకార్యంలో కట్టారో చెబుతుంది. సైనికుని అంగీమీది చెమట డాగు, పల్లకి దుప్పటికి వేసిన మాసిక, అన్నీ సాక్ష్యాలే. వాటిని తుడిచివేస్తే బట్ట శుభ్రపడవచ్చు కాని మూగబోతుంది. ఏది ధూళి, ఏది చరిత్ర అని నిర్ణయించకముందే చేయి వేయడం అవివేకం.

ధూళిని తొలగించడానికి నీరు అవసరం లేదు. బట్టను బల్లమీద పరచి, దానిమీద అంచులు గుడ్డతో కుట్టిన సన్నని నైలాన్ వల ఉంచాలి. వాక్యూమ్ క్లీనర్‌ను అతి తక్కువ పీల్పులో పెట్టి, వలకు పైగా, నెమ్మదిగా, నేత వెళ్లే దిశలో నడపాలి. వల ఉంటే వదులైన దారాలు యంత్రంలోకి పోవు. పెళుసుబారిన పట్టుకు, పూసలు కుట్టిన బట్టకు, రంగు పొడిగా రాలే చిత్రానికి ఇది కూడా తగదు. అటువంటివాటిని నిపుణులు వచ్చేవరకు కదల్చకుండా ఉంచడమే మేలు.

తడిపి శుభ్రపరచడం ఎన్నడూ చేయకూడదా అంటే, నిపుణులు కొన్ని సందర్భాల్లో చేస్తారు. కాని ప్రతి రంగునూ ముందు విడిగా పరీక్షిస్తారు. కనిపించని మూల ఒక చుక్క స్వేదనజలం వేసి, తెల్లని అద్దుడు కాగితంతో ఒత్తి, రంగు దిగుతున్నదేమో చూస్తారు. లవణాలు లేని నీటిని, ఆమ్లక్షార గుణాలు లేని ద్రావకాన్ని వాడతారు. బట్ట కింద ఆధారం ఉంచుతారు. రుద్దరు, పిండరు, తీగమీద ఆరవేయరు. ఇంత చేసినా అందులో ప్రమాదం ఉందని వారే అంటారు. ఎందుకంటే ఉతికిన బట్టను ఉతకకముందు స్థితికి తీసుకురాగల విద్య ఇంతవరకు లేదు. కుంకుడురసం మృదువైనదే కదా అని కొందరు అడుగుతారు. ఇంట్లో పట్టుచీరకు అది తగినదే. పురావస్తువు విషయంలో దాని గోధుమరంగు బట్టలో నిలిచిపోయే అవకాశం ఉంది. సంప్రదాయసిద్ధమైనదైనా పరీక్షించకుండా వాడరాదు.

మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతు తరువాతి తరానికి భారం కావచ్చుననడానికి అమెరికాలోని ఒక జెండా ఉదాహరణ. 1813లో కుట్టిన ఆ జెండా వారి జాతీయగీతానికి ప్రేరణ అయినది. శిథిలమవుతున్న దానిని నిలబెట్టడానికి 1914లో కుట్టుపని నిపుణులు వెనుక నారబట్ట వేసి సుమారు 17 లక్షల కుట్లు కుట్టారు. ఆనాటి జ్ఞానానికి అది గొప్ప సేవ. 1998లో మొదలైన పరిరక్షణలో ఆ కుట్లనూ, ఆ నారబట్టనూ ఎంతో శ్రమతో తొలగించవలసివచ్చింది. అవి బట్టను లాగుతూ, మురికిని పట్టి ఉంచుతున్నాయి. అందుకే ఈ శాస్త్రంలో ప్రధాన సూత్రాలు రెండు: అవసరమైనంత తక్కువగా జోక్యం చేసుకోవాలి, చేసిన పనిని రేపు ఎవరైనా విప్పగలిగేట్టు చేయాలి. నేటి మన తెలివి రేపు చాలకపోవచ్చునన్న వినయం ఈ సూత్రాల్లో ఉంది.

చిన్న ప్రదర్శనశాలల గురించి మాట్లాడినప్పుడు మూడు ఆక్షేపణలు వినిపిస్తాయి. మొదటిది, డబ్బు లేదని. నిజమే, శీతలీకరణ యంత్రాలు, ప్రయోగశాలలు అందరికీ సాధ్యం కావు. కాని కిటికీకి మందమైన తెర వేయడానికి ఎంత ఖర్చవుతుంది? సందర్శకులు లేని వేళ దీపం ఆర్పితే డబ్బు మిగులుతుంది కూడా. బాగా ఉతికి గంజి పోగొట్టిన తెల్లని నూలుగుడ్డ, ఆమ్లం లేని టిష్యూ కాగితం, లావుపాటి గొట్టం ఉంటే పొడవైన బట్టను మడత పెట్టకుండా చుట్టి దాచవచ్చు. మడత తప్పనప్పుడు మడతలో మెత్త పెట్టి, అప్పుడప్పుడు మడతచోటు మార్చాలి. లేకపోతే బట్ట మడతల వద్దనే తెగుతుంది. చెక్కబీరువాలోని పలకలకు బట్టను నేరుగా తగలనీయరాదు. చెక్కనుంచి వెలువడే ఆమ్లవాయువులు దానిని పసుపుబారుస్తాయి. ప్లాస్టిక్ సంచిలో బిగించి దాస్తే లోపలి తేమకు బూజు పడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు అనుకూలం కనుక, వర్షాకాలంలో కోస్తా జిల్లాల ప్రదర్శనశాలలు తేమను కొలిచే చిన్న పరికరం ఒకటి గదిలో ఉంచుకోవడం మంచిది.

పురుగుల నివారణకు కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. వాటి ఆవిరి పనిచేసేవారి ఆరోగ్యానికి మంచిది కాదు. వేపాకును నేరుగా బట్టమధ్య పెడితే ఆకు మరక అంటుతుంది. నెలకొకసారి బీరువా తెరిచి, టార్చిలైటుతో మూలలు చూడటమే అన్నిటికంటె మేలైన మందు. పురుగు పట్టిన నూలు, ఉన్ని బట్టలను పాలిథీన్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల చలిలో రెండు వారాలు ఉంచే పద్ధతి ఒకటి ఉంది. బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు సంచి విప్పకూడదు. ఇందులో విషం లేదు. రంగులు పూసినవాటికి, పూసలు ఉన్నవాటికి మాత్రం నిపుణులను అడగకుండా ఈ పద్ధతి వాడరాదు.

రెండవ ఆక్షేపణ, చీకటిలో దాచిపెట్టేదానికి ప్రదర్శనశాల ఎందుకని. దాచిపెట్టమని ఎవరూ అనడం లేదు. ఒక బట్టను మూడు నాలుగు నెలలు చూపి, తరువాత విశ్రాంతి ఇచ్చి, మరొకదానిని చూపవచ్చు. మంచి ఛాయాచిత్రాన్ని గోడమీద ఏడాది పొడవునా ఉంచవచ్చు. మసక వెలుతురు ఎందుకో రెండు వాక్యాల్లో రాసిపెడితే సందర్శకుడు అర్థం చేసుకుంటాడు. ఆ రెండు వాక్యాలూ ఒక పాఠమే.

మూడవ ఆక్షేపణ ఆలోచించదగినది. శ్రీకాళహస్తిలో, మచిలీపట్నం పరిసరాల్లో ఇప్పటికీ కలంకారీ పని జరుగుతూనే ఉంది. జీవించి ఉన్న పనివారికి చేయవలసిన సహాయం చేయకుండా పాతగుడ్డల మీద శ్రద్ధ దేనికని కొందరి వాదం. కళాకారులకు సహాయం అందవలసిందే. అందులో వివాదం లేదు. కాని ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. నేటి పనివాడు తన ముత్తాతల పనితనాన్ని ఎక్కడ చూసి నేర్చుకోవాలి? మరుగున పడిన రంగును, నమూనాను, రేఖావిన్యాసాన్ని పాతబట్ట తప్ప మరొకటి చూపలేదు. లేపాక్షి కుడ్యచిత్రాల్లో విజయనగరకాలపు వస్త్రాల నమూనాలు కనిపిస్తాయి. అవి మేలైన ఆధారాలు. అయినా చిత్రంలోని చీర దాని అందాన్ని చెబుతుంది కాని, అంగుళానికి ఎన్ని పోగులో చెప్పలేదు.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టం. మనం ప్రదర్శనశాలల ముఖద్వారాలకు, రంగులకు, ప్రారంభోత్సవాలకు ఖర్చుపెడుతున్నంత ఉత్సాహంతో వాటి వెనుకగదుల కోసం ఖర్చుపెట్టడం లేదు. ప్రదర్శనశాల విలువ ముందుగదిలో కాక, వెనుకగదిలో తెలుస్తుంది. ప్రతి చిన్న ప్రదర్శనశాలలో కనీసం ఒక ఉద్యోగికి వస్త్రాలను ఎత్తడం, చుట్టడం, దుమ్ము తీయడం, నమోదుచేయడం నేర్పాలి. సాంస్కృతిక సంపద పరిరక్షణ కోసం 1976లో లక్నోలో జాతీయ పరిశోధనశాల ఏర్పడింది. అక్కడి జ్ఞానం మన పట్టణాల మేడగదులదాకా రావాలి. నిపుణుని లిఖితపూర్వక అభిప్రాయం లేకుండా ఏ చారిత్రక వస్త్రాన్నీ తడపరాదనే నియమం ఉండాలి. అంతకంటె ముందు ప్రతి వస్త్రాన్నీ ఛాయాచిత్రం తీయాలి. దానిపై ఉన్న అక్షరాలను ఎత్తి రాయాలి. ఈ చివరి పనికి డబ్బు అక్కరలేదు. దగ్గరలోని కళాశాల విద్యార్థులు చాలు.

అందుకే ఈ మాటలు మీకు చెబుతున్నాను. మీ ఇంటి పెట్టెలో అమ్మమ్మ పెళ్లిచీర ఉండవచ్చు. దానిని బయటికి తీసేటప్పుడు చేతులు కడుక్కొని తుడుచుకోండి. ఉంగరాలు, గాజులు తీసిపెట్టండి. పాత మడత విప్పి, కొత్తచోట మడవండి. అది ఎవరిదో, ఎక్కడ నేసిందో, ఏ సందర్భంలో కట్టారో అమ్మమ్మను అడిగి ఒక కాగితంమీద పెన్సిలుతో రాసి, పెట్టెలో విడిగా ఉంచండి. బట్టకు సూది గుచ్చవద్దు, జిగురు అంటించవద్దు. మీ ఊరి ప్రదర్శనశాలకు వెళ్లినప్పుడు బట్టమీద అక్షరాలు కనిపిస్తే ఆగి చదవండి; వెంటనే రాసుకోండి. తీరికగా మరోసారి రావచ్చునని అనుకోవద్దు.

నా నోటుపుస్తకంలోని ఆ మూడు వాక్యాలను ఏటా ఒకసారి తరగతిలో చదివి వినిపిస్తాను. మిగిలిన గడుల్లో ఏముండేదని విద్యార్థులు అడుగుతారు. నిఘంటుకర్తలాగే నేనూ వారికి సమాధానం చెప్పలేకపోతున్నాను.